పంచుకునే మీట ఉన్న రీడరు కోసం

నచ్చిన సైట్లు, బ్లాగులు తమ కొత్త రాతలను వరుసగా అందించే ఫీడులను ఒకేచోట చదివించేది ఫీడ్ రీడరు. దాన్ని మార్చుకోదలచినవారు ముందుగా అడిగేవి మూడే: డబ్బు కట్టాలా, ఫోనులో పనిచేస్తుందా, ఇన్నేళ్ళుగా కూడబెట్టుకున్న చందాలన్నీ, అంటే ఎంచుకున్న ఫీడులన్నీ, కొత్తదానిలోకి వస్తాయా. ఇప్పుడు వాడుకలో ఉన్న రీడర్లలో చాలావరకు ఈ మూడింటికీ చక్కగానే జవాబు చెబుతాయి. చందాల జాబితాను ఒకచోటి నుంచి దించుకుని మరోచోట ఎక్కించుకోవడానికి ఓపీఎంఎల్ అనే దస్త్రరూపం 2000 నుంచి ఉంది; ఆ పని నిమిషాల్లో పూర్తవుతుంది. నేను ఇక్కడ రాయబోయేది నాలుగో ప్రశ్న గురించి. ఒక బ్లాగు టపా చదువుతూ ఉండగా, ఆ పేజీని విడిచిపెట్టకుండా, నేను ఎంచుకున్న కొద్దిమందికి దాన్ని ఒకటి రెండు వాక్యాల వ్యాఖ్యతో అందించగలనా? మా బృందం వాడుతున్న రీడరు ఆ సదుపాయాన్ని తీసివేస్తున్నట్టు ప్రకటించిన తరువాత దానికి బదులు వెతకవలసి వచ్చింది. ఆ వెతుకులాటలో నాకు స్థిరపడిన అభిప్రాయం కొందరికి మొండిగా అనిపించవచ్చు: రీడరులో పంచుకునే మీట ఉండితీరాలి గాని, స్నేహితుల జాబితా మాత్రం రీడరు చేతిలో ఉండకూడదు.

మేమంటే తెలుగు బ్లాగుల తొలి దశ నుంచి ఒకరినొకరు ఎరిగిన కొందరం. యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో అంతర్జాలంలో తెలుగు వాడకం కోసం పనిచేసిన ఇ-తెలుగు సంస్థ సమావేశాలు జరిగే రోజుల్లో పరిచయమైనవారు కొందరైతే, హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో తెలుగు టైపింగు గురించి అడగడానికి వచ్చి అలాగే మిత్రులైనవారు మరికొందరు. ఇప్పుడు ఒకరు మియాపూర్‌లోనూ, ఒకరు ఉప్పల్‌లోనూ, ఒకరు సైనిక్‌పురిలోనూ ఉంటే ఇద్దరు అమెరికాలో స్థిరపడ్డారు. ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళం కూడా కలుసుకోవడం అరుదే. మియాపూర్ నుంచి ఉప్పల్‌కు వెళ్ళి ఒక వ్యాసం గురించి మాట్లాడి రావడానికి ఆదివారమంతా సరిపోదు. ఒకరు చదివినది మరొకరికి చేరడమే మా మధ్య నిత్యం నడిచే వ్యవహారం. అందువల్ల రీడరులోని ఆ ఒక్క మీట మాకు అలంకారం కాదు.

ఈ అలవాటును మాకు నేర్పింది గూగుల్ రీడరు. అది 2005 అక్టోబరులో మొదలైంది. తొలుత కేవలం చందాలు చదువుకునే చోటుగానే ఉండి, పంచుకునే సదుపాయాలను ఆ తరువాత ఒక్కొక్కటిగా చేర్చుకుంది. టపా కింద ఉన్న షేర్ మీట నొక్కితే ఆ టపా మన పేరుతో ఉన్న పేజీలో చేరేది. మనల్ని అనుసరించేవారికి అది వారి మిగతా చందాల సరసనే కొత్త అంశంగా కనిపించేది. నోటుతో కలిపి షేర్ చేస్తే మన మాట టపాకు తోడుగా వెళ్ళేది. చాలామంది గుర్తుపెట్టుకున్నది ఇంతవరకే. నా వాదనకు ఆయువుపట్టయిన సంగతి మరొకటి ఉంది: మనం పంచుకున్న అంశాల పేజీకి దానిదంటూ ఒక ఫీడు ఉండేది. గూగుల్ రీడరులో ఖాతా లేని మనిషి కూడా బ్లాగ్‌లైన్స్ వంటి మరో రీడరులో ఆ ఫీడుకు చందాదారుగా చేరి, నేను ఎంచినవన్నీ చదువుకోగలిగేవాడు. పంచడానికి గూగుల్ రీడరు అవసరమయ్యేది గాని, అందుకోవడానికి అవసరమయ్యేది కాదు.

తెలుగు బ్లాగులకు అప్పట్లో సంకలినులు ఉండేవి. కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే పేర్లు ఆనాటి పాఠకులందరికీ తెలిసినవే. తెలుగులో కొత్తగా వచ్చిన ప్రతి టపానూ వచ్చిన వరుసలో చూపించడం వాటి పని. ఆ పని అవి శ్రద్ధగా చేసినందువల్లనే తెలుగులో బ్లాగులు రాసేవారికి పాఠకులు దొరికారు. అయితే సంకలినికి రుచి ఉండదు, ఉండకూడదు కూడా. అక్కడ పైకి వచ్చేది తాజా టపా. రోజుకు నాలుగు టపాలు రాసే ఉత్సాహవంతుడు ఆరు నెలలకొక్క మంచి వ్యాసం రాసే మనిషిని అరగంటలో కిందికి నెట్టేస్తాడు. మా సైనిక్‌పురి మిత్రురాలు పంచుకున్న వాటిలో మాత్రం ఆ ఆరు నెలల వ్యాసమే ఉండేది. ఆవిడ అభిరుచి నాకు తెలుసు గనుక, ఆవిడ ఎందుకు పంచుకున్నారో ఒక్క వాక్యంలో రాసేవారు గనుక, అలసిపోయిన రాత్రి కూడా అది తెరిచి చదివేవాణ్ణి. సంకలినులు పాతబడిపోయిన తరువాత కూడా ఈ రెండో రకం అవసరం తీరలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

స్నేహితుల జాబితా రీడరు చేతిలో ఉండకూడదని అనడానికి నాకు మొదటి ఆధారం కూడా గూగుల్ రీడరు చరిత్రలోనే దొరుకుతుంది. 2007 డిసెంబరులో ఒక మార్పు వచ్చింది. అంతవరకు మనం పంచుకున్నవి ఆ పేజీ చిరునామా తెలిసినవారికే కనిపించేవి. మార్పు తరువాత గూగుల్ చాట్ సేవ అయిన గూగుల్ టాక్‌లో మనతో పరిచయం ఉన్నవారికి వాటంతట అవే కనిపించసాగాయి. వాడుకరులు తీవ్రంగా నిరసించారు. చాట్ చేసిన ప్రతివారూ చదువులో తోడు కారనే చిన్న విషయం ఆ యంత్రానికి తెలియలేదు. ఇప్పుడు మన ఫోనులోని పేర్ల జాబితా తెరిచి చూస్తే ఇంటి యజమాని, గ్యాస్ ఏజెన్సీ, కుళాయి బాగుచేసే మనిషి, మేనమామ, పాత ఆఫీసు అధికారి వరుసగా కనిపిస్తారు. వీరందరినీ స్నేహితులుగా లెక్కగట్టే పద్ధతి ఆనాటి నుంచి ఈనాటి దాకా ఏ సేవా వదులుకోలేదు.

రెండో ఆధారం 2011 అక్టోబరు చివరి రోజున వచ్చింది. ఆనాడు రీడరులోని షేర్, అనుసరణ, వ్యాఖ్యల సదుపాయాలన్నింటినీ తొలగించి, వాటి స్థానంలో గూగుల్ వారి సామాజిక మాధ్యమమైన గూగుల్ ప్లస్ మీట పెట్టారు. పంచుకోవాలంటే ఇక అక్కడికి వెళ్ళాలి. ఇరాన్‌లో ఎంతోమంది పాఠకులకు, తమ దేశంలో అడ్డగించిన సైట్లను చదివి చర్చించుకోవడానికి ఈ రీడరే దారిగా ఉండేది. వారి నిరసన అప్పట్లో ప్రపంచమంతా వినిపించింది. రీడరును మూసివేస్తున్నట్టు 2013 మార్చి 13న ప్రకటన వచ్చింది, జులై 1న మూతపడింది. దేనికోసమైతే పంచుకునే సదుపాయాన్ని తీసేశారో ఆ గూగుల్ ప్లస్ కూడా సామాన్య వాడుకరులకు 2019 ఏప్రిల్‌లో మూతపడింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా సంభాషణ గూగుల్‌ను తిట్టడం వైపు మళ్ళుతుంది. అందులో నాకు ఆసక్తి లేదు. నన్ను ఆలోచింపజేసేది, మూసివేత సమయంలో ఏది చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది, ఏది రాలేదు అన్న తేడా. చందాల జాబితా ఓపీఎంఎల్‌గా వచ్చి మరుసటి నిమిషంలో మరో రీడరులో పనిచేసింది. పంచుకున్నవీ, రాసుకున్న నోట్లూ, అనుసరించేవారి జాబితా కూడా దస్త్రాలుగా దించుకోనిచ్చారు. కాని వాటిని తీసుకెళ్ళి తిరిగి ప్రాణం పోయడానికి ఎక్కడా చోటు లేదు. చందా అంటే ఒక బహిరంగ చిరునామా, అది ఏ రీడరులోనైనా పనిచేస్తుంది. అనుసరణ అంటే ఒక సంస్థ పట్టికలో రెండు ఖాతాల మధ్య గీసిన గీత, ఆ పట్టిక బయట దానికి అర్థం లేదు. నేను పోల్చి చూసిన ప్రతి రీడరునూ ఈ తేడాతోనే కొలిచాను.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకు? ఒక గుంపు పెట్టుకుని లంకెలు అందులో వేసుకుంటే సరిపోదా? మా ఇంట్లోనే ఈ ప్రశ్న వచ్చింది కనుక దీనికి తీరిగ్గా జవాబు చెప్పాలి. మేమూ ఆ గుంపు పెట్టుకున్నాం, అది ఇప్పటికీ ఉంది, పెళ్ళి శుభలేఖలకూ ఆసుపత్రి కబుర్లకూ అంతకన్నా మంచి సాధనం లేదు. చదువు విషయంలో దాని ఇబ్బంది లంకె వచ్చే వేళలోనే ఉంది. పంపినవారికి తీరిక ఉన్నప్పుడు అది వస్తుంది, నాకు తీరిక ఉన్నప్పుడు అది పైకి జరిగిపోయి ఉంటుంది. సాయంత్రం రాయదుర్గం నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఇంటికి వెళ్ళేలోపు చదవాలనుకున్న వ్యాసాన్ని, ఆ మధ్యలో వచ్చిన పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య వెతుక్కోవాలి. చదివినదేదో, చదవనిదేదో గుర్తుపెట్టుకునే ఏర్పాటు అక్కడ లేదు. రీడరులో అది పుట్టుకతో ఉన్న గుణం: నేను చదివేదాకా ఆ అంశం బొద్దు అక్షరాలతో నా కోసం ఆగి ఉంటుంది, వారం ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనుకోరు.

మరొక సంగతి మొహమాటానికి సంబంధించినది. గుంపులో ఎవరైనా లంకె వేస్తే వెంటనే ఒక బొటనవేలు బొమ్మ పెట్టాలి, లేకపోతే పెద్దాయన నొచ్చుకుంటారు. బొమ్మ పెట్టినవారిలో ఎందరు ఆ వ్యాసం తెరిచారో దేవుడికెరుక. రీడరులో పంచుకున్నప్పుడు ఎవరి మీదా ఆ ఒత్తిడి లేదు. పంచినవారు తమ పేజీలో పెట్టుకున్నారు, ఇష్టమైనవారు చదువుకుంటారు. ఆరేళ్ళ కిందట పంచుకున్న దాన్ని కూడా తేదీ వారీగా వెనక్కి వెళ్ళి చూడవచ్చు. ఫేస్‌బుక్ సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు: తెలుగు బ్లాగర్లలో చాలామంది అక్కడికి వెళ్ళిపోయారు, అక్కడ రాసినదానికి ఫీడు లేదు, ఏది ఎవరికి ఎప్పుడు కనిపించాలో నిర్ణయించేది మనం కాదు.

కాబట్టి రీడరే కావాలి. 2013లో గూగుల్ రీడరు వదిలిన ఖాళీని నింపడానికి ముందుకొచ్చినవాటిలో అన్నీ నిలవలేదు. ఆ వేసవిలోనే మొదలైన ఏఓఎల్ రీడరూ డిగ్ రీడరూ రెండూ 2018లో మూతపడ్డాయి. అప్పుడు వాడుకరులను అందరికన్నా ఎక్కువగా ఆకర్షించిన ఫీడ్లీ ఈనాటికీ బలంగానే ఉంది, చూడముచ్చటగా ఉంది. కాని బృందంగా పంచుకునే సదుపాయాలను అది ప్రధానంగా కంపెనీలను, సైబర్ భద్రతా నిపుణులను దృష్టిలో పెట్టుకుని నిర్మించుకుంటూ పోయింది. కవిత్వం మీద వ్యాసాలు పంచుకునే ముసలి బ్లాగర్లు వారి వినియోగదారులు కారు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

మా అవసరానికి అచ్చంగా సరిపోయేలా కనిపించినవి రెండు. మొదటిది ది ఓల్డ్ రీడర్. గూగుల్ రీడరులోని పంచుకునే సదుపాయాలు పోయిన బాధతోనే కొందరు రష్యన్ డెవలపర్లు 2012లో దీన్ని మొదలుపెట్టారు. అనుసరణ, షేర్, లైక్ అన్నీ పాత పద్ధతిలోనే ఉంటాయి, పాత అలవాటున్న చేతికి తడబాటు ఉండదు. అయితే దాని చరిత్రలో ఒక ఘట్టం నన్ను ఆపింది. 2013 మూసివేత ప్రకటన తరువాత వచ్చిపడిన వాడుకరుల తాకిడికి ఆ చిన్న బృందం తట్టుకోలేక, జులై చివర్లో, మార్చి 13కు ముందు చేరినవారిని మాత్రమే ఉంచుకుని మిగతావారికి సేవ ఆపివేస్తామని ప్రకటించింది. కొద్దిరోజుల్లోనే ఒక అమెరికన్ సంస్థ దాన్ని చేపట్టడంతో ఆ గండం గడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజుల్లో వారు రాసిన ప్రకటనలో నిజాయితీ ఉంది. ఇష్టంతో మొదలుపెట్టిన పని మనుషుల జీవితాలను మింగేసే స్థితికి రావచ్చునని ఆ ప్రకటన చూస్తే అర్థమవుతుంది. కాని మా స్నేహాల జాబితాను మళ్ళీ ఒకే చోట పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు.

రెండోది న్యూస్‌బ్లర్. శామ్యూల్ క్లే అనే డెవలపర్ ఒంటిచేత్తో నిర్మించుకుంటూ వచ్చిన సేవ ఇది. ఇందులో ప్రతి వాడుకరికీ బ్లర్‌బ్లాగు అనే పేజీ ఉంటుంది; టపా కింద వ్యాఖ్య రాసి పంచుకుంటే అక్కడ చేరుతుంది, మిత్రులు ఆ టపా కిందనే బదులు రాయవచ్చు. ఉచిత ఖాతాలో 64 సైట్ల వరకు చందా ఉంటుంది; అంతకన్నా ఎక్కువ కావాలంటే డబ్బు కట్టాలి. రెండు గుణాల వల్ల ఇది మిగతావాటికన్నా ఒక మెట్టు పైన నిలిచింది. సాఫ్ట్‌వేరు మూలమంతా బహిరంగంగా ఉంది. బ్లర్‌బ్లాగుకు సొంత ఫీడు ఉంది. రెండోదే నాకు కావలసినది: నేను న్యూస్‌బ్లర్‌లో పంచుకున్నది మియాపూర్ మిత్రుడు మరే రీడరులోనైనా అందుకోగలడు. ఈ గుణాన్ని చాలామంది సమీక్షకులు ఒక్క మాటతో దాటేస్తారు, కొందరు ప్రస్తావించనే ప్రస్తావించరు.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. ఇటువంటి సేవల ధరలు డాలర్లలో ఉంటాయి, ఏటేటా కార్డు నుంచి వాటంతట అవే తీసుకుంటాయి. పదేపదే జరిగే చెల్లింపుల మీద రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చాక, మన కార్డుల మీద విదేశీ సేవల చందాలు చాలావాటికి ఆ పద్ధతి సాఫీగా సాగడం లేదు. చందా ఆగిపోయిందని ఖాతా తెరిచినప్పుడు గాని తెలియదు. అమెరికాలోని మిత్రులకు ఈ బాధ లేదు కనుక వారు డబ్బు కట్టి హాయిగా న్యూస్‌బ్లర్‌లో చేరిపోయారు. హైదరాబాదువాళ్ళం మాత్రం ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ వైపు మొగ్గాం. ఇది మన సర్వరులో మనమే పెట్టుకోగల ఉచిత సాఫ్ట్‌వేరు; పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగు భాషతో నడుస్తుంది కనుక యూపీఐతో డబ్బు తీసుకునే దేశీయ హోస్టింగు సంస్థ ఇచ్చే సాధారణ స్థలంలో కూడా సరిపోతుంది. ఒకే స్థాపనలో అందరికీ వేరువేరు ఖాతాలు ఇవ్వవచ్చు. దీనిలో నాకు ముచ్చట గొలిపిన విశేషం ఒకటి చెప్పాలి: ఫోను అనువర్తనాలు దీనితో మాట్లాడేది గూగుల్ రీడరు నాటి ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) పద్ధతిలోనే. యజమాని వదిలేసిన భాషను మిగిలినవారు ఇంకా మాట్లాడుకుంటున్నారు.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులను రీడర్ల సమీక్షలు ఎప్పుడూ పట్టించుకోవు, కనుక వాటి మీద కొంచెం ఆగుతాను. మేము పరీక్షించిన ఒక రీడరు ఫీడులోని పాఠాన్ని శుభ్రం చేసే వంకతో, కంటికి కనిపించకుండా అక్షరాలను విడదీసి ఉంచే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను కూడా తుడిచిపెట్టేది; హైదరాబాద్‌లో అని రాసినది హైదరాబాద్లో అయిపోయి, దకారం కింద లావత్తు వేలాడేది. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా ఉండే సాంకేతిక టపాల్లో వాక్యానికి రెండు చొప్పున ఇటువంటివి వస్తే చదవడం శిక్షే. ఇంకొకదానిలో వరుసల మధ్య ఎడం చాలక వత్తులు కింది వరుస గుడులకు తగులుకునేవి. వెతుకులాట మరీ అన్యాయం: పుస్తకం అని వెతికితే పుస్తకాలు, పుస్తకంలో, పుస్తకానికి అన్నవేవీ దొరకవు, ఎందుకంటే విభక్తులు మాటకే అతుక్కునే భాష ఒకటి ఉంటుందని ఆ వెతుకుయంత్రం ఎరగదు. రీడరు ఎంచుకునేముందు ఈ మూడూ ఒక మంచి వ్యాసం తెరిచి స్వయంగా చూసుకోవలసినవి.

రచయితల వైపున కూడా ఒక చిక్కు ఉంది. గూగుల్ వారి బ్లాగు వేదిక బ్లాగర్‌లో ఫీడుకు పూర్తి పాఠం ఇవ్వాలా, కొంతే ఇవ్వాలా అన్న అమరిక ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో సారాంశం ఎంచుకుంటే మామూలుగా 55 మాటల దగ్గర ఆగిపోతుంది. తెలుగులో 55 మాటలంటే నాలుగైదు వాక్యాలు. పాఠకుడు తమ పేజీకే రావాలని కొందరు తెలిసే అలా పెడతారు, వారి హక్కు అది. చాలామంది మాత్రం ఆ అమరిక అక్కడ ఉందని తెలియక అలా వదిలేశారు. సగం ఫీడును పంచుకుంటే మిత్రులకు చేరేది ఉపోద్ఘాతమే కనుక, నచ్చిన బ్లాగు అలా ఉంటే రచయితకు మర్యాదగా ఒక ఉత్తరం రాయడం మాకు అలవాటైంది. సాధారణంగా మార్చేస్తారు.

ఇక ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్‌లో ఉన్న లోటు. అంశానికి గుర్తు తగిలించి, ఆ గుర్తున్నవాటినన్నింటినీ ఒక ఫీడుగా బయటికి ఇచ్చే ఏర్పాటు దాని ఇటీవలి వెర్షన్లలో ఉంది గాని, దానికి మన వ్యాఖ్యను జతచేసే వీలు లేదు. వ్యాఖ్య లేకుండా పంచుకున్న లంకెకు విలువ సగమే. పంచుకున్నవారు ఎందుకు చదవమన్నారన్నదే కదా అసలు విషయం. ఈ లోటును షార్లీ అనే మరో చిన్న సాఫ్ట్‌వేరుతో పూరించాం. అది వ్యక్తిగతంగా లంకెలు దాచుకుని పంచుకునే పేజీ. డేటాబేసు కూడా అక్కర్లేదు. ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ పంపకాల జాబితాలో షార్లీ పేరు ముందే ఉంది కనుక, మీట నొక్కితే శీర్షికా లంకే నింపిన పత్రం తెరుచుకుంటుంది; రెండు వాక్యాలు రాసి భద్రపరిస్తే అది మన పేజీలోనూ మన ఫీడులోనూ చేరుతుంది. షార్లీ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కావాలి కనుక ఒకే స్థలంలో వేరువేరు సంచయాలుగా (ఫోల్డర్లుగా) పెట్టుకున్నాం. మాస్టోడాన్ అనే సామాజిక మాధ్యమంలో ఉన్న ఒక మిత్రుడికి ఇది కూడా అవసరం లేకపోయింది, అక్కడ ప్రతి ఖాతా బహిరంగ రాతలకూ ఫీడు ఉంటుంది.

దీనితో ఎవరు ఏ రీడరు వాడాలన్న తగాదా లేకుండా పోయింది. న్యూస్‌బ్లర్ మిత్రుల బ్లర్‌బ్లాగు ఫీడులూ, హైదరాబాదువాళ్ళ షార్లీ ఫీడులూ, మాస్టోడాన్ ఫీడూ అందరి రీడర్లలోనూ ఒకే వర్గంలో కూర్చున్నాయి. ఈ ఫీడులకు ఆధారమైన ఆర్‌ఎస్‌ఎస్ అనే దస్త్రరూపం 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థలో పుట్టింది. ఆ నెట్‌స్కేప్ లేదు. ట్విట్టర్ 2013లో ఫీడులు ఆపేసింది, ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో వచ్చిన తన 64వ వెర్షన్‌తో ఫీడు చదివే సదుపాయాన్ని తీసేసింది. అయినా పాడ్‌కాస్టులు ఈనాటికీ దాని మీదే నడుస్తున్నాయి, వర్డ్‌ప్రెస్ పెట్టిన ప్రతి సైటూ అడగకుండానే ఫీడు ఇస్తోంది. మిత్రుడు ఎంచినదాన్ని కూడా ఒక పత్రికలాగే చందాగా అందుకోవడానికి ఇంతకన్నా ఎక్కువ ఏర్పాటు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఉప్పల్ మిత్రుడు దీనికి ఒప్పుకోలేదు. "చర్చ లేకుండా పంచుకోవడమంటే బస్టాండులో కరపత్రాలు పంచడమేనండీ," అన్నారాయన. గూగుల్ రీడరులో ఒక టపా కింద మా మధ్య నడిచిన సుదీర్ఘమైన వాదోపవాదాలు ఆయనకు గుర్తు. ఆ టపా పక్కనే, అదే తెర మీద, ఒకరి తరువాత ఒకరు రాసుకునేవాళ్ళం. ఫీడులతో అది రాదు. నేను పంచుకున్నదాని మీద ఆయనకు ఏమైనా చెప్పాలనిపిస్తే తన పేజీలో మళ్ళీ పంచుకుని అక్కడ రాయాలి, అది నా రీడరుకు వచ్చేసరికి గంటలు పడుతుంది. ఆయన అన్న లోటు వాస్తవమే, దాన్ని దాచిపెట్టి లాభం లేదు.

కాని ఆ పాత చర్చల వల్ల నష్టపోయినవారు ఒకరున్నారు. టపా రాసిన మనిషి. తన రాత మీద అంత మంచి చర్చ జరిగిందని ఆ రచయితకు తెలిసేదే కాదు. తన పేజీలో వ్యాఖ్యల పెట్టె ఖాళీగా కనిపించేది, సందర్శకుల లెక్కలో కూడా మేము కనిపించేవాళ్ళం కాము, ఎందుకంటే మేము చదివింది రీడరులో. తెలుగులో నలుగురు పాఠకులున్నారని తెలిస్తే మరో టపా రాసేవారు, ఎవరూ లేరనుకుని మానేసినవారు నాకు తెలుసు. ఇప్పుడు మా మధ్య చర్చకు రీడరులో చోటు లేదు కనుక, వ్యాసం గురించి గట్టిగా చెప్పాలనిపించినప్పుడు ఆ వ్యాసం కిందనే రాస్తున్నాం. ఉప్పల్ మిత్రుడు కూడా ఈ మాట దగ్గర కొంచెం మెత్తబడ్డారు. అయినా మాలో మేము అనుకోవలసిన ఘాటు మాటలు రచయిత ముందు అనలేం కదా అన్నది ఆయన మిగుల్చుకున్న అభ్యంతరం.

ఆ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. షార్లీ పేజీ చిరునామా తెలిసిన ఎవరైనా చదవగలరు; న్యూస్‌బ్లర్‌లో ఉన్నట్టు పంచుకున్నవాటిని ఆమోదించినవారికే చూపే ఏర్పాటు ఇందులో లేదు. పేరున్న కవి కొత్త కవిత మీద మనస్ఫూర్తిగా రాయాలంటే చేయి ఆగుతుంది. దానివల్ల మా నోట్లు కొంత మర్యాదగా, కొంత చప్పగా తయారయ్యాయని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఘాటుగా అనవలసినవి ఈమెయిలులోకి వెళ్ళాయి, అవి మునుపటికన్నా ఎక్కువే వెళ్తున్నాయి.

ఫీడుల చిరునామాలన్నీ ఉన్న ఓపీఎంఎల్ దస్త్రాన్ని సైనిక్‌పురి మిత్రురాలు చూసుకుంటున్నారు. ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్‌లో ఒక వర్గాన్ని అటువంటి దస్త్రం చిరునామాకు ముడిపెట్టవచ్చు కనుక, ఎవరైనా రీడరు మార్చి కొత్త ఫీడు చిరునామా పంపితే ఆవిడ ఒక్క వరుస మారుస్తారు, మిగిలిన హైదరాబాదువాళ్ళకు ఆ మార్పు దానంతట అదే వస్తుంది. అమెరికాలో ఉన్న ఇద్దరు మాత్రం పాత చందా తీసేసి కొత్తది చేత్తో చేర్చుకోవాలి. వారిలో ఒకరు కొత్త చిరునామా తెలిపే ఈమెయిలును ఇంకా తెరవలేదని నాకు అనుమానం, ఎందుకంటే మాస్టోడాన్ మిత్రుడు తన సర్వరు మార్చుకుని చాలా రోజులైనా ఆయన రాసినవి కనిపించడం మానేశాయేమిటని ఆ పెద్దమనిషి వాట్సాప్ గుంపులో అడుగుతూనే ఉన్నారు.